యాక్సిల్ విప్పి చూడండి.. ఈ పని మీదో కాదో తేలిపోతుంది

జనగామలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నారనుకోండి. ఇంటి ముందు వేపచెట్టు కింద నాన్న కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఉంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండిని రోడ్డెక్కిస్తుంటే ముందు చక్రం దగ్గర టక్ టక్ టక్‌మని చప్పుడు. మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే ఉస్తాద్ కిందికి వంగి చూడకుండానే చెప్పేస్తాడు: ‘‘డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ పోయింది తమ్మీ, బండి ఈడ పెట్టిపో, సాయంత్రం రా.’’ సాయంత్రం పైసలు కట్టి బండి తెచ్చుకుంటారు. ఆ మధ్య కొన్ని గంటల్లో షెడ్డులో ఏం జరిగిందో మనకు తెలియదు, అడగం కూడా. ఈసారి ఆ గంటల గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే వాటి చుట్టూ ఇప్పుడు ఉద్యోగాలు ఉన్నాయి, కోర్సులు ఉన్నాయి, కొంత అన్యాయం కూడా ఉంది.

ముందు వార్త. 2025 సెప్టెంబరులో తెలంగాణ పోలీసు నియామక మండలి ఆర్టీసీ కోసం 1,743 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 1,000 డ్రైవర్ పోస్టులు. వాటి గురించి అందరూ మాట్లాడారు. మిగిలిన 743 శ్రామిక్ పోస్టులు. ఇవి డిపోలో బస్సు కింద పని చేసేవాళ్లవి. డీజిల్ మెకానిక్, మోటార్ వెహికిల్ మెకానిక్, ఫిట్టర్, వెల్డర్, ఆటో ఎలక్ట్రీషియన్ లాంటి ట్రేడుల్లో ఐటీఐ పాసైనవాళ్లకే అర్హత. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. మూడు చోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. అంటే ఈ పని మన ఊరి పక్కనే రోజూ జరుగుతున్నది.

ఇక్కడే తిరకాసు. హైవే పక్కన షెడ్డులో పదేళ్లుగా లారీల హౌసింగ్ విప్పుతున్న కుర్రాడు, క్రౌన్ పినియన్ చప్పుడు విని పళ్లు అరిగాయో బేరింగ్ పోయిందో చెప్పగలిగినవాడు, ఆ 743లో ఒక్క పోస్టుకు కూడా దరఖాస్తు పెట్టుకోలేడు. అతని దగ్గర ఐటీఐ కాగితం లేదు. రెండేళ్లు ఐటీఐకి వెళ్లి, స్టాండు మీద పెట్టిన కోత నమూనా ఇంజిన్ తప్ప నిజం బండి యాక్సిల్ ముట్టని కుర్రాడు మాత్రం పెట్టుకోగలడు. ఒకరికి చేయి ఉంది, కాగితం లేదు. ఇంకొకరికి కాగితం ఉంది, చేయి లేదు. మీకు ఈ రెండూ లేవు కదా అని బెంగపడకండి. ఏది ముందు సంపాదించాలో తేల్చుకునే వీలు మీకే ఉంది. ఇంటి ముందున్న ఆ పాత కారు అందుకు పనికొస్తుంది.

ఈవీలు వస్తే ఈ పని ఉంటుందా?

ఇది న్యాయమైన ప్రశ్నే. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో జీవో 41తో కొత్త ఈవీ విధానం తెచ్చింది. 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ‘ఇక మెకానిక్ పని ఖతం’ అనే మాట కాలేజీ క్యాంటీన్లలో బాగా వినిపిస్తోంది. సగం నిజం. పిస్టన్, వాల్వులు, ఇంజెక్టర్లు, సైలెన్సర్, చాలావరకు క్లచ్ ప్లేటు కూడా పోతాయి. ఇంజిన్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లకు పని తగ్గుతుంది.

కానీ మోటారులో పుట్టిన తిప్పుడు బలం చక్రం దాకా ఎలా వస్తుంది? టాటా నెక్సాన్ ఈవీ లాంటి కార్లో మోటారు ముందు భాగంలోనే ఉంటుంది. దాని నుంచి ఒకే తగ్గింపు ఉన్న గేర్‌బాక్స్, అందులోనే డిఫరెన్షియల్, అక్కడి నుంచి రెండు డ్రైవ్ షాఫ్టులు, చివర హబ్బులు. పేర్లు మారలేదు, పని మారలేదు. బరువు మాత్రం పెరిగింది, బ్యాటరీ వల్ల. ఇంకో తేడా, పెట్రోలు ఇంజిన్ కొంత వేగం అందుకున్నాకే గట్టిగా లాగుతుంది. ఎలక్ట్రిక్ మోటారు నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో తిప్పుతుంది. ఆ ఊపు మొదట తగిలేది షాఫ్టు జాయింట్లకే. కొన్ని ఎలక్ట్రిక్ బస్సుల్లోనైతే మోటార్లు వెనుక యాక్సిల్‌లోనే కలిసిపోయి ఉంటాయి. కాబట్టి యాక్సిల్ తెలిసినవాడికి ఈవీ కాలం కొత్త దేశమేం కాదు.

అయితే ఉద్యోగం ఇచ్చేవాళ్లు మారుతున్నారు. ఇది గమనించండి. 2025 జనవరిలో వరంగల్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు రోడ్డెక్కాయి. వాటిని ఆర్టీసీ కొనలేదు. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీవాడు, మరమ్మతు కంపెనీదే. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. ఈ పద్ధతి పెరిగేకొద్దీ డిపోలో శ్రామిక్‌గా చేరే దారి సన్నబడి, కంపెనీ టెక్నీషియన్‌గా చేరే దారి వెడల్పవుతుంది. జీతం, భద్రత, యూనియన్ అన్నీ వేరు. సర్కారు కొలువు ఒక్కటే లెక్క అనుకునేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి. నా మటుకు నాకు, మరమ్మతు చేసే మనిషి బస్సు యజమానికి దూరమయ్యే ఈ ఏర్పాటు అంత రుచించదు. కానీ టెండర్లు మన రుచి అడిగి పిలవరు కదా.

ఒక్క షాఫ్టు, ఒక్క ఆదివారం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ముందే చెప్తున్నా, ఇది పాత, మాన్యువల్ గేర్ల, ముందు చక్రాలు లాగే పెట్రోలు కారు గురించి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు. ఈవీ అయితే అసలే ముట్టొద్దు. కింద నారింజ రంగు తొడుగుతో కనిపించే తీగల్లో వందల వోల్టులుంటాయి. వాటి దగ్గరికి శిక్షణ పొందినవాళ్లే వెళ్లాలి. వారంటీలో ఉన్న కారును కూడా ఇంట్లో విప్పొద్దు. మొదటిసారి ఒంటరిగా అస్సలు చేయొద్దు. పని తెలిసిన అన్నను ఒకరిని పిలుచుకోండి, ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. మీరు పానా పట్టండి, ఆయన చూస్తారు.

ఈ పనిలో మొదటి పాఠం జాకీ దగ్గరే ఉంది. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన బండి కిందికి తల, చేయి, కాలు ఏదీ పోకూడదు. మన దగ్గర ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చే అలవాటు ఉంది. అవి మెల్లగా కుంగవు, ఉన్నపళంగా పగులుతాయి. గట్టి నేల, ఉక్కు జాకీ స్టాండ్లు, వెనుక చక్రాలకు రెండువైపులా అడ్డు, హ్యాండ్ బ్రేకు. స్టాండు పెట్టాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి, కదిలితే మళ్లీ పెట్టండి. స్టాండ్లు లేకపోతే ఆ ఆదివారం పని లేదు, అంతే.

బండి నేల మీద ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది, కొత్తవాళ్లు మరిచిపోయేదీ అదే. చక్రం మధ్యలో షాఫ్టు చివర ఉండే సెంటర్ నట్టును ముందే వదులు చేయాలి. బండి పైకి లేపాక దానితో కుస్తీ పడితే స్టాండ్ల మీంచి బండి జారే ప్రమాదం. ఆ నట్టు ఊడిపోకుండా దాని అంచును షాఫ్టు గాడిలోకి సుత్తితో నొక్కి ఉంచుతారు. ముందు ఆ నొక్కు తెరవాలి. తర్వాత ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు పొడవాటి రాడ్డుతో తిప్పాలి. చాలా చిన్న కార్లలో 30 లేదా 32 సైజు గోటీ పానా పడుతుంది. ఎంత బలం కావాలి? మీటరు పొడవున్న పైపు చివర 20 కిలోల బస్తా వేలాడదీశామనుకోండి, అది సుమారు 200 న్యూటన్ మీటర్లు. ఇంటర్‌లో ‘టార్క్ అంటే బలం ఇంటూ దూరం’ అని రాసి మార్కులు తెచ్చుకున్నాం కదా, దాని అర్థం భుజానికి తెలిసేది ఇక్కడే.

తర్వాత బండి లేపి, స్టాండు పెట్టి, చక్రం తీస్తారు. కింది చేతికి, నకిల్‌కు మధ్య ఉన్న బాల్ జాయింట్ బోల్టు విప్పితే హబ్ బయటికి ఊగుతుంది. అప్పుడు షాఫ్టు బయటి చివర హబ్‌లోంచి జారుతుంది. రాకపోతే సుత్తితో నేరుగా మర మీద కొట్టొద్దు, పాత నట్టు పైన పెట్టి కొట్టాలి, లేదంటే మర చెడుతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ తీగ లాగుడు పడకుండా చూసుకోవాలి. లోపలి చివర గేర్‌బాక్స్‌లో ఒక చిన్న రింగుతో పట్టుకుని ఉంటుంది. రెండు ప్రై బార్లతో చెరో వైపు సమంగా తోస్తే టక్కున వస్తుంది. షాఫ్టును మధ్యలో పట్టుకుని గుంజితే జాయింటు లోపలే విడిపోతుంది, అప్పుడు ఆదివారం కాస్తా సోమవారం అవుతుంది.

షాఫ్టు బయటికి రాగానే గేర్ ఆయిల్ కారుతుంది. నేను మొదటిసారి ఈ పని చూసినప్పుడు కింద బేసిన్ పెట్టడం మరిచాను. గంధకం వాసన కొట్టే ఆ నూనె చొక్కా మీంచి పోవడానికి ఎన్ని ఉతుకులు పట్టాయో లెక్క లేదు. ముందే ఆయిల్ తీసేయడం ఉత్తమం. చాలా బళ్లలో రెండువైపుల షాఫ్టులు ఒకేసారి తీయొద్దంటారు, లోపలి డిఫరెన్షియల్ పళ్లు స్థానం తప్పే అవకాశం ఉంటుంది. ఒకటి పెట్టాకే రెండోది.

ఇప్పుడు ఆ షాఫ్టును గోనె సంచి మీద పెట్టి చూడండి. చాలాసార్లు కథ రబ్బరు బూటు దగ్గర మొదలవుతుంది. బూటు చిన్నగా చిరుగుతుంది, గ్రీజు బయటికి ఎగురుతుంది, మట్టి లోపలికి పోతుంది, ఉక్కు గోలీలు గాడిలో అరుగుతాయి. మూల తిప్పినప్పుడు వినిపించే టక్ టక్ అదే. బూటు చిరిగిన రోజే పట్టుకుని ఉంటే బూటు, గ్రీజుతో పోయేది. ఏడాది ఆగితే మొత్తం షాఫ్టు. ఇంటర్వ్యూలో సర్వీస్ మేనేజర్ అడిగే ప్రశ్న ఇలాగే ఉంటుంది: ‘‘కస్టమర్ చప్పుడొస్తుందంటున్నాడు, బండి కిందికి పోకముందు ఏం అడుగుతావ్?’’ తిప్పినప్పుడు టక్ టక్ అంటే బయటి జాయింటు. వేగంతో పాటు హోరు పెరిగితే హబ్ బేరింగ్. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే వణికితే లోపలి జాయింటు వైపు చూడాలి. ఒక్కసారి చేత్తో విప్పినవాడికి ఈ జవాబు బట్టీ పట్టాల్సిన అవసరం రాదు.

బిగించేటప్పుడు ఆయిల్ సీలుకు షాఫ్టు పళ్లు గీసుకోకుండా నెమ్మదిగా తోయాలి. కొత్త సెంటర్ నట్టు వేయాలి, కంపెనీ మాన్యువల్‌లో చెప్పినంత బలంతో టార్క్ రించ్‌తో బిగించాలి. తీసినంత గేర్ ఆయిల్ నింపాలి. నట్టు బిగించకుండా బండిని చక్రాల మీద కదిలిస్తే బేరింగ్ పాడవుతుంది. పని తెలిసిన అన్న ప్రతి బోల్టూ మళ్లీ చూశాకే బండి రోడ్డెక్కాలి.

ఇదంతా అయ్యాక మీకు చిరాకొచ్చిందా, ఇంకోవైపు కూడా విప్పాలనిపించిందా? రెండేళ్ల కోర్సులో చేరే ముందు తెలుసుకోవాల్సింది ఇది.

మూడు జిల్లాలు, మూడు రకాల యాక్సిళ్లు

జనగామ హైదరాబాద్–వరంగల్ హైవే మీదుంది. ఇక్కడి షెడ్లకు వచ్చేవి కార్లు, టాక్సీలు, లారీలు. మారుతి 800 మొదటి కారు 1983 డిసెంబరులో బయటికి వచ్చాక ముందు చక్రాలు లాగే కార్లు మన రోడ్ల మీద మామూలయ్యాయి. అంతకుముందు అంబాసిడర్‌లో పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక హౌసింగ్. లారీల్లో, ఆర్టీసీ బస్సుల్లో ఇప్పటికీ అదే అమరిక. కాబట్టి జనగామ కుర్రాడు రెండు విద్యలూ ఒకే రోడ్డు మీద నేర్చుకోవచ్చు.

మహబూబాబాద్‌లో రాజ్యం ట్రాక్టరుది. కరిగెట చేసేటప్పుడు ఇనుప చక్రాలు తగిలించి బురదలో దింపుతారు. మోకాలి లోతు నీళ్లలో గంటల తరబడి తిరిగితే ముందు హబ్బు సీళ్లలోంచి, వెనుక యాక్సిల్ సీళ్లలోంచి బురద లోపలికి పోతుంది. సీజన్ అయ్యాక సీళ్లు, బేరింగులు మార్చే పని ఊరూరా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు గేర్‌బాక్సులు, ట్రాన్స్‌మిషన్ హౌసింగ్, ముందు యాక్సిల్ సపోర్టు లాంటి భాగాలు 18 నుంచి 5కు దిగాయి. కార్ల విడిభాగాలు 28 నుంచి 18కి వచ్చాయి. సామాను ధర తగ్గితే బండిని మూలన పడేయకుండా బాగు చేయించుకునేవాళ్లు పెరుగుతారని నా అంచనా.

భూపాలపల్లి కథ వేరు. సింగరేణి ఓపెన్ కాస్టు గనుల్లో తిరిగే డంపర్ల చక్రం మనిషి ఎత్తు దాటి ఉంటుంది. అంత బరువుకు డిఫరెన్షియల్‌లోనే బలం మొత్తం పెంచితే షాఫ్టులు విరుగుతాయి. అందుకే చివరి తగ్గింపు పళ్లను చక్రం హబ్బులోనే అమరుస్తారు, దీన్ని ఫైనల్ డ్రైవ్ అంటారు. ఇది ఇంట్లో విప్పే సరుకు కాదు, క్రేను కావాలి. కానీ సూత్రం మీ కారులోదే. సింగరేణి ఐటీఐ వాళ్లను ట్రేడ్ అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. నోటిఫికేషన్ మీద ఒక కన్నేసి ఉంచండి.

వరదల మాట కూడా చెప్పాలి. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న ఆకేరు, 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు డోర్నకల్. ఇలాంటి ప్రతిసారీ మునిగిన బళ్లు షెడ్లకు వస్తాయి. ఇంజిన్ ఆయిల్ మార్చి పంపేస్తే సరిపోదు. వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, గాలి రంధ్రంలోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. డ్రెయిన్ బోల్టు విప్పితే గేర్ ఆయిల్ పాల టీలా వస్తుంది. అది చూడకుండా వదిలేస్తే నెలల తర్వాత బేరింగ్ మోగుతుంది, అప్పుడు వరద ఎవరికీ గుర్తుండదు.

కాగితం సంగతి

రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చారు. 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన, 2025 సెప్టెంబరులో ప్రారంభం. ఇక్కడి దీర్ఘకాలిక కోర్సుల్లో ఒకటి ఎలక్ట్రిక్ వెహికిల్ మెకానిక్. యంత్రాలు కొత్తవి, బాగున్నాయి. నా సందేహం ఒక్కటే, చేరేముందు మీరూ అడగండి: వారానికి ఎన్ని గంటలు నిజమైన బండి మీద? ఒక్కో బండికి ఎంతమంది విద్యార్థులు? సూటిగా జవాబొచ్చిన చోట చేరండి. మామూలు ట్రేడుల్లో మోటార్ వెహికిల్ మెకానిక్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్, ట్రాక్టర్ మెకానిక్ ఏడాది చొప్పున. డిగ్రీ చదివి ఐటీఐకి పోవాలా అని నామోషీ పడేవాళ్లు ఉన్నారు. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పడం కష్టమే, ఒప్పుకుంటా. కానీ బీకాం చదివి ట్రేడ్ కూడా నేర్చినవాడు షోరూంలో సర్వీస్ అడ్వైజర్‌గా కూర్చుంటే ఎస్టిమేట్ రాయగలడు, బండి కిందికీ పోగలడు.

అప్రెంటిస్‌షిప్ వదలకండి. 2019 నిబంధనల ప్రకారం స్టైపెండ్ కనీసం నెలకు అర్హతను బట్టి రూ.5,000 నుంచి రూ.9,000. దీన్ని రూ.6,800 నుంచి రూ.12,300కు పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది. దాంతో వరంగల్‌లో గది అద్దె, మెస్సు గడవడం కష్టం. అందుకే సొంతూరి డిపోలో దొరికే సీటుకు విలువ ఎక్కువ.

ఇక షెడ్డులో పని చేస్తున్న మీ అన్నకో, బావకో ఈ మాట చేరవేయండి. ట్రేడులో అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ టెస్టు రాసే దారి ఉంది. ఆ అనుభవం రిజిస్టరైన సంస్థలో వచ్చిందై ఉండాలి, యజమాని ధ్రువపత్రం ఇవ్వాలి. చాలా షెడ్లు ఇక్కడే ఆగిపోతున్నాయి, వాటికి ఏ రిజిస్ట్రేషనూ ఉండదు. ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేయడానికి ఒక్క రూపాయి ఫీజు లేదు. ఆధార్, పాన్ చాలు. ఉస్తాద్‌కు ఫోన్‌లో ఆ ఫారం నింపిపెట్టడం మీకు గంట పని. వయసు, అనుభవం ఎన్నేళ్లు కావాలన్నది దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐలో అడిగితే ఆ ఏడాది నిబంధనలు చెప్తారు. ఐటీఐ ప్రవేశాలు పదో తరగతి ఫలితాల తర్వాత దశలవారీగా జరుగుతాయి. పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి.